ఎడమచుట్టు నత్త

వానకారు వచ్చి చెరువులు నిండిన పిమ్మట, పలమనేరు ప్రాంతమున ఏ చెరువుకట్టపై నడచినను, నీటి యొడ్డున నత్తగుల్లలు కానవచ్చును. వేసవిలో చెరువు ఎండినపుడు నత్త తన గుల్లలోనికి ముడుచుకొని, వాకిటికి మూత వేసికొని, బురదలో దాగి నిదురించును. వాన కురిసి నీరు చేరగానే మూత తెరచుకొని వెలుపలికి వచ్చును. మీలో పలువురు ఈ గుల్లలను ఏరి ఆడుకొనియే యుందురు. కాని, వాని చుట్టు ఏ వైపునకు తిరిగియున్నదో పరిశీలించినవారు ఎందరు?

నేనును చాలకాలము పరిశీలింపలేదు. దానిని నాకు చూపినవాడు ఒక విద్యార్థి.

సుమారు నలువది సంవత్సరముల క్రిందట, నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో, ఈ ప్రాంతపు పల్లెబడి యొకదానిలో తెలుగు బోధించుచుంటిని. తరగతిలో ఒక బాలుడు ఎడమచేతితో వ్రాయుచుండెడివాడు. ఎడమచేతి వ్రాత తప్పనియు, దానిని మాన్పించుట ఉపాధ్యాయుని ధర్మమనియు ఆనాడు నేను నమ్మితిని. కలము ఎడమచేతికి మారినపుడెల్ల ఆ చేతిపై బెత్తముతో కొట్టితిని. ఒకనాడు వాడు చొక్కా జేబునిండ నత్తగుల్లలు తెచ్చి, నా బల్లపై వరుసగా పేర్చెను. అన్నింటి నోళ్లును ఒకే వైపునకు తెరచుకొని యుండెను.

"అయ్యవారూ, ఇవన్నీ కుడిచేతివే. ఎడమచేతి నత్త ఉండదా?" అని వాడు నన్నడిగెను.

"ఉండదు. పోయి కూర్చో" అంటిని.

వాడు మాటాడక గుల్లలను మరల జేబులో వేసికొని పోయెను. నేను చెప్పిన సమాధానము తప్పు. అది తప్పని తెలియుటకు నాకు చాల ఏండ్లు పట్టినది. ఆనాడు ఆ బాలునికి చెప్పవలసియుండిన సమాధానమునే ఇపుడు మీకు చెప్పుచున్నాను.

ముందుగా చుట్టును గుర్తించు విధము తెలిసికొందము. గుల్ల మొనను పైకిని, నోటిని మీ వైపునకును ఉంచి పట్టుకొనుడు. నోరు మీ కుడివైపున నున్నచో అది కుడిచుట్టు; ఎడమవైపున నున్నచో ఎడమచుట్టు. గుల్లను తలక్రిందులుగా పట్టినంతమాత్రాన కుడిచుట్టు ఎడమచుట్టుగా మారునా? మారదు. కుడికాలి చెప్పును ఎట్లు త్రిప్పినను అది ఎడమకాలికి సరిపడదు గదా! అద్దములో చూచినపుడు మాత్రమే అది ఎడమకాలి చెప్పువలె కనిపించును. కుడిచుట్టు గుల్లకు ఎడమచుట్టు గుల్ల అటువంటి అద్దపు ప్రతిబింబము. ప్రపంచమునందలి నత్తజాతులలో పదింట తొమ్మిదికి మించి కుడిచుట్టువే.

మనము పూజలో నుంచు శంఖము కూడ ఒక సముద్రపు నత్త గుల్లయే. తూత్తుకుడి తీరమున, మన్నారు సింధుశాఖలో శంఖములు దొరకును. మదరాసు రాజధాని మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హోర్నెల్ 1914లో భారతదేశపు శంఖమును గూర్చి ఒక గ్రంథమే ప్రకటించెను. శంఖములన్నియు దాదాపుగా కుడిచుట్టువే. మిక్కిలి అరుదుగా మాత్రమే ఎడమచుట్టు శంఖము దొరకును. దానినే మన పెద్దలు దక్షిణావర్త శంఖమనిరి. తమిళులు వలంపురి యందురు. ఇచట నొక వింత కలదు. శాస్త్రజ్ఞులు ఎడమచుట్టు అనుదానిని మన పెద్దలు దక్షిణావర్తము, అనగా కుడివైపు తిరిగినది, అనిరి. వీరిలో ఎవరిది తప్పు? ఎవరిదియు కాదు. శాస్త్రజ్ఞులు గుల్ల మొనను పైకి పట్టి చూతురు. మనవారు సన్నని తోకకొనను పైకి పట్టి చూతురు. పట్టుకొను తీరు మారినందున పేరు మారినది గాని, వస్తువు మారలేదు.

మరియొక సంగతి. అమెరికా తీరమునందలి వేరొక సముద్రపు నత్తజాతిలో ఎడమచుట్టే సహజము. ఆ గుల్లలను తెచ్చి దక్షిణావర్త శంఖములని అధిక ధరకు అమ్మువారును కలరు. ఒక జాతిలో అపురూపమైనది వేరొక జాతిలో సర్వసాధారణమై యుండవచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఎడమచుట్టు నత్తకై సముద్రమువరకు పోనక్కరలేదు. మన దేశపు చెరువులలోను, కుంటలలోను, మడుగులలోను బల్లపరుపుగా, చుట్టకుదురు వలె నుండు చిన్న నత్తలు కలవు. వాని గుల్ల చదునుగా నుండుటచే కుడియెడమలు కంటికి సులభముగా తెలియవు. కాని లోపలి ప్రాణిని పరీక్షించినచో, దాని అవయవముల అమరిక ఎడమచుట్టు నత్తకు తగినట్లుండును. ఆ కుటుంబమంతయు ఎడమచుట్టుదే. ఆ బాలుడు గుల్లలు ఏరిన చోట, నీటి యాకుల క్రింద వెదకి చూచినచో, నా సమాధానము తప్పని చూపు నత్త మాకు దొరకెడిదేమో! ఈ చదును నత్త పశువులకు గురక పుట్టించు ఒక రోగమును మోయును. పశువుల కార్జమున చేరు జలగను మోయునది కుడిచుట్టు నత్త. కావున ఎడమచుట్టు కీడనియు, కుడిచుట్టు మేలనియు చెప్పుటకు వీలులేదు.

అయినను, చదును నత్తయు పెద్ద చెరువునత్తయు వేరువేరు కుటుంబములకు చెందినవి. అవి ఎన్నడో వేరైనవి. అంతకంటె ఆసక్తికరమైన ప్రశ్న వేరొకటి కలదు. ఒకే కుటుంబములో, దగ్గరి చుట్టములైన నత్తలలో, కొన్ని కుడిచుట్టును కొన్ని ఎడమచుట్టును అయినచో ఏమగును? అవి ఒకదానితో నొకటి జతకూడగలవా? వాని సంతానము కలసిపోవునా, లేక రెండు జాతులుగా చీలిపోవునా? దీనికి సమాధానము కావలెనన్నచో, నత్తకు చుట్టు ఎట్లు సంక్రమించునో మొదట తెలియవలెను.

నత్త గ్రుడ్డు మొదట ఒకే కణము. అది రెండుగను, రెండు నాలుగుగను, నాలుగు ఎనిమిదిగను విభజింపబడును. నాలుగు కణములు ఎనిమిదగునపుడు, పై వరుస కణములు క్రింది వరుసపై సూటిగా నిలువక, ఒక ప్రక్కకు ఒరిగి కూర్చుండును. అవి ఒక ప్రక్కకు ఒరిగినచో నత్త కుడిచుట్టు, రెండవ ప్రక్కకు ఒరిగినచో ఎడమచుట్టు అగును. గుల్ల ఏర్పడుటకు ఎంతో ముందుగనే, కంటికి కనిపింపని ఆ దశలోనే, చుట్టు నిశ్చయమగుచున్నది.

ఆ ఒరుగుటను నిర్ణయించునది ఎవరు? ఇంగ్లండులో ఆర్థర్ బాయ్కాట్, సిరిల్ డైవర్ అనువారు చెరువునత్తలను తరతరములుగా పెంచి, తాము చూచిన విషయములను 1923లో ప్రకటించిరి. మెండెలు బఠాణీలయందు కనిపెట్టిన లెక్క ఇచట పొసగనట్లు తోచెను. అదే సంవత్సరము అమెరికాలో ఆల్ఫ్రెడ్ స్టర్టివాంట్ ఆ చిక్కును విడదీసెను. పిల్ల చుట్టును నిర్ణయించునవి పిల్ల యొక్క జన్యువులు కావు. తల్లి యొక్క జన్యువులు. మెండెలు సూత్రము సరియైనదే. కాని, దాని ఫలము ఒక తరము ఆలస్యముగా కనిపించును.

దీనిని ఒక పోలికతో గ్రహింపవచ్చును. దూరపు బడికి పోవు బిడ్డకు తల్లి వేకువనే చద్దిమూట కట్టి యిచ్చును. మధ్యాహ్నము బిడ్డ తినునది తల్లి కట్టినదే గాని, తాను వండుకొన్నది కాదు. అట్లే, గ్రుడ్డు ఏర్పడునపుడే తల్లి నత్త తన జన్యువుల ప్రకారము తయారైన పదార్థములను దానిలో నింపి పంపును. పిల్ల సొంత జన్యువులు పని ప్రారంభించుటకు మునుపే, తల్లి యిచ్చిన ఆ పదార్థము కణములను ఒక ప్రక్కకు ఒరిగించును.

ఈ నత్తలకు చుట్టు విషయమున తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చొప్పున రెండేసి జన్యువులు కలుగును. బాయ్కాట్ పెంచిన నత్తలలో కుడి జన్యువు బహిర్గతము, ఎడమ జన్యువు అంతర్గతము. అనగా, రెండును కలసియున్నపుడు కుడి జన్యువు మాటయే చెల్లును. రెండును ఎడమ జన్యువులే గల తల్లికి, రెండును కుడి జన్యువులే గల తండ్రికి పిల్లలు కలిగిరనుకొందము. ప్రతి పిల్లలోను ఒక కుడి జన్యువు, ఒక ఎడమ జన్యువు ఉండును. కుడి జన్యువు బహిర్గతమైనను, పిల్లలన్నియు ఎడమచుట్టుగానే పుట్టును. ఏలయన తల్లి చద్దిమూట ఎడమది. ఈ ఎడమచుట్టు పిల్లలు పెరిగి, తమలో తాము జతకూడి గ్రుడ్లు పెట్టినపుడు, వానిలోని కుడి జన్యువు మాట చెల్లును. కావున మనుమలన్నియు కుడిచుట్టువి. ఆ మనుమలలో నాలుగింట నొకదానికి రెండును ఎడమ జన్యువులే యుండును. దాని దేహము కుడిచుట్టు. దాని జన్యువులు ఎడమవి. అది పెట్టు గ్రుడ్లనుండి మరల ఎడమచుట్టు పిల్లలే వచ్చును. దేహము ఒక వైపు, జన్యువులు వేరొక వైపు గల ఈ నత్తను గుర్తుంచుకొనుడు. ముందు దీనితో మనకు పని కలదు.

ఆ జన్యువు ఏదో చాలకాలము తెలియలేదు. 2016లో ఆంగస్ డేవిసనును, ఆయన సహచరులును ఒక చెరువునత్తలో చుట్టునకు కారణమైన జన్యువును గుర్తించిరి. 2019లో జపానులో అబె, కురోడా అను పరిశోధకులు అదే జన్యువును పనిచేయకుండ మార్చి, కుడిచుట్టు నత్తల సంతతిలో ఎడమచుట్టు నత్తలను పుట్టించిరి. ఒకే జన్యువు చాలునని నిస్సందేహముగా తేలినది.

ఇక జతకూడుట మాట. నేలపై తిరుగు నత్తలలో పెక్కు ఉభయలింగజీవులు. ఒకే నత్త తల్లియు తండ్రియు కాగలదు. అయినను సాధారణముగా వానికి తోడు కావలెను. చదునైన గుల్లగల జాతులలో రెండు నత్తలు ఎదురెదురుగా నిలిచి జతకూడును. సంతానోత్పత్తి ద్వారము కుడిచుట్టు నత్తకు తల కుడిప్రక్కనను, ఎడమచుట్టు నత్తకు తల ఎడమప్రక్కనను ఉండును. ఇద్దరును కుడిచేతులు చాచినపుడే కరచాలనము కుదురును. ఒకరు కుడిచేయి, ఒకరు ఎడమచేయి చాచినచో తికమక కలుగును. వ్యతిరేకపు చుట్లుగల నత్తలకు కలుగు ఇబ్బంది అట్టిది. పొడవైన గుల్లగల జాతులలో ఒకటి మరియొకదాని గుల్లపైకి ఎక్కి జతకూడును గనుక, ఆ యిబ్బంది కొంత తక్కువ.

ఈ యిబ్బంది ఎంతటిదో ఒక్క నత్త చరిత్ర లోకమునకు తెలిపినది. 2016లో లండనులో ఒక ఎరువుకుప్పలో, తోటలయందు తిరుగు సామాన్యమైన నత్తజాతికి చెందిన ఎడమచుట్టు నత్త దొరకెను. దానిని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున డేవిసనునకు పంపిరి. దానికి జెరెమీ అని పేరిడిరి. దాని చుట్టు జన్యువులవలన కలిగినదా, కాదా యని తెలియుటకు పిల్లలు కావలెను. పిల్లలకై ఎడమచుట్టు తోడు కావలెను. అట్టి నత్త ఎవరికైన దొరకినచో పంపుడని వార్తాపత్రికలలోను రేడియోలోను ప్రకటించిరి. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్‌నుండి ఒకటి, స్పెయిను దేశపు మజోర్కా ద్వీపమునుండి ఒకటి వచ్చెను. అవి మొదట జెరెమీతో కాక, తమలో తామే జతకూడెను. కడకు మజోర్కా నత్తకు జెరెమీవలన కూడ పిల్లలు కలిగిరి. 2017 అక్టోబరులో జెరెమీ చనిపోయెను. ఎడమచుట్టు తల్లిదండ్రులకు పుట్టిన ఆ పిల్లలన్నియు కుడిచుట్టువే! ఈ జాతిలో ఎడమచుట్టు వంశపారంపర్యముగా వచ్చినది కాదనియు, గ్రుడ్డు పెరుగుదలలో కలిగిన యాదృచ్ఛికమైన మార్పనియు శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కావున ఎడమచుట్టుకు కారణము అన్నిచోట్ల ఒకటే అనుకొనరాదు.

అయితే, ఎడమచుట్టు నిజముగా వంశములో పాతుకొన్నచోట ఏమి జరుగును? జపాను దేశమున యూహాడ్రా యను నేలనత్తలు కలవు. ఆ దేశపు ప్రధాన ద్వీపమైన హోన్షూ ఉత్తరభాగమున ఎడమచుట్టు జాతి యొకటి, దాని దగ్గరి చుట్టమైన కుడిచుట్టు జాతి యొకటి నివసించుచున్నవి. 2003లో ఉయెషిమా, అసామి అను జపాను శాస్త్రజ్ఞులు వీనిని పరిశీలించి, ఒక్క జన్యువు మారి చుట్టు తిరుగబడినంతనే క్రొత్తజాతి ఏర్పడగలదని ప్రతిపాదించిరి. జతకూడలేని వారి మధ్య సంతానము కలుగదు. సంతానము కలుగనిచో రెండు గుంపులును ఎవరి దారి వారు పట్టి, కాలక్రమమున వేరు జాతులగును. ఇది వారి తర్కము. సాధారణముగా క్రొత్తజాతి ఏర్పడుటకు పెక్కు జన్యువులలో మార్పులు, సుదీర్ఘకాలము కావలెను. ఒక్క జన్యువుతో జాతి చీలునన్న మాట శాస్త్రలోకమున ఆసక్తిని కలిగించినది.

ఈ తర్కము నిజమైనచో, ఆ రెండు గుంపుల నడుమ జన్యుప్రవాహము పూర్తిగా ఆగిపోయియుండవలెను. జన్యుప్రవాహమనగా నేమి? దీనిని మన ప్రాంతపు ఆవునుబట్టి తెలిసికొనవచ్చును. పుంగనూరు పొట్టి ఆవును ఎరుగనివారు ఇచట లేరు. పూర్వము పుంగనూరు, వాయల్పాడు, మదనపల్లె, పలమనేరు ప్రాంతములలో ఈ ఆవులు విరివిగా నుండెను. పాలకొరకును, బరువు పనులకొరకును రైతులు వానిని పెద్దజాతి ఆబోతులతో సంకరపరచిరి. తరములు గడచినకొలది పెద్దజాతుల జన్యువులు పుంగనూరు మందలలోనికి ప్రవహించి, అచ్చమైన పొట్టి ఆవులు మిక్కిలి అరుదైనవి. అందుచేతనే పలమనేరులోని పశు పరిశోధనా స్థానమున వానిని ప్రత్యేకముగా పెంచి కాపాడుచున్నారు. ఇట్లు ఒక గుంపు జన్యువులు సంకరమువలన మరియొక గుంపులోనికి పోయి కలియుటయే జన్యుప్రవాహము. చెరువుకు చెరువుకు నడుమ కాలువ యున్నచో నీరు కలియును; కాలువ పూడినచో ఏ చెరువు నీరు ఆ చెరువుదే.

కుడిచుట్టు, ఎడమచుట్టు నత్తల నడుమ అట్టి కాలువ యేదైన కలదా? డేవిసను మరి ముగ్గురు శాస్త్రజ్ఞులతో కలసి 2005లో ఈ ప్రశ్నను లెక్కలతో పరిశీలించెను. కాలువ కలదని తేలినది. మనము గుర్తుంచుకొనవలెనన్న ఆ వింత నత్తయే ఆ కాలువ.

కుడి జన్యువు బహిర్గతమైన గుంపును తలంచుకొనుడు. అందు కొన్ని నత్తలలో ఎడమ జన్యువు దాగియుండవచ్చును. అట్టి రెండు నత్తలకు పుట్టిన పిల్లలలో ఒకదానికి రెండును ఎడమ జన్యువులే వచ్చినవనుకొందము. తల్లిలో కుడి జన్యువు ఉన్నందున దాని దేహము కుడిచుట్టే. కావున అది కుడిచుట్టు నత్తతో నిరాటంకముగా జతకూడును. కాని అది పెట్టిన గ్రుడ్లనుండి వచ్చు పిల్లలన్నియు ఎడమచుట్టువి. వానిలో కుడిచుట్టు తండ్రి జన్యువులును ఉండును. ఈ పిల్లలు దేహమున ఎడమచుట్టువి గనుక, ఎడమచుట్టు గుంపులో కలసి, సులభముగా జతకూడును. ఇట్లు కుడి గుంపు జన్యువులు ఎడమ గుంపులోనికి చేరును. రెండు గుంపుల నడుమ ఒక్క జతయైనను ఎదురుచుట్టుతో కూడలేదు. అయినను జన్యువులు ఆవలి యొడ్డుకు చేరినవి! తల్లి చద్దిమూట వలన కలిగిన ఆ ఒక తరపు ఆలస్యమే గోడలో గుమ్మమైనది.

లెక్కలలో కలదన్నది ప్రకృతిలో కలదా? 2017లో డేవిసనును, జపాను శాస్త్రజ్ఞులతో కూడిన ఆయన బృందమును యూహాడ్రా నత్తల జన్యుపదార్థమును వేలకొలది స్థానములలో పోల్చి చూచి, తమ పరిశీలనలను ప్రకటించిరి. కుడిచుట్టు జాతికిని ఎడమచుట్టు జాతికిని నడుమ ఇటీవలి కాలమువరకు జన్యుప్రవాహము జరిగినదని తేలినది. అంతేకాదు, ఎదురుచుట్లుగల నత్తలు అసాధారణమైన రీతిలో దేహమును మలచుకొని జతకూడుటకు యత్నించుటను కూడ వారు గమనించిరి. చుట్టు తిరుగబడుట జతకూడుటకు ఆటంకము. కాని దాటరాని గోడ కాదు. అట్టి ప్రవాహము కొంచెమైనను సాగినచో, రెండు జాతుల నడుమనుండు సరిహద్దు చెరగిపోవచ్చును. ఒక్క జన్యువువలననే జాతి చీలిపోవునన్న మాటను యథాతథముగా అంగీకరింప వీలులేదు.

అయినచో ఎడమచుట్టు నత్తలు వేరుజాతిగా ఎన్నడును నిలువవా? ఇతర కారణములు తోడైనచో నిలువగలవు. జపాను దక్షిణ ద్వీపములలో నత్తలనే తిని బ్రదుకు పాము ఒకటి కలదు. కుడిచుట్టు నత్తను గుల్లలోనుండి లాగుటకు తగినట్లుగా, దాని క్రింది దవడలో ఎడమప్రక్కకంటె కుడిప్రక్క పండ్లు ఎక్కువగా నుండును. దీనిని హోసో అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో 2007లో వెల్లడించెను. ఆ పాము ఎడమచుట్టు నత్తను పట్టినపుడు దాని పండ్లు సరిగా పనిచేయవు, నత్త తప్పించుకొనును. ఇట్టి పాములున్న చోట ఎడమచుట్టు వంశములు నిలిచి వృద్ధిపొందుటకు అవకాశము కలిగినదని 2010లో ఆయన బృందము చూపినది. తోడు దొరకుట కష్టమను లోపము ఒకవైపు, ప్రాణము దక్కుటయను లాభము మరొకవైపు. లాభము మించినచోట ఎడమచుట్టు నిలిచినది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడ కలదు. ఆగ్నేయాసియా దేశములలో చెట్లపై నివసించు ఆంఫిడ్రోమస్ అను అందమైన నత్తలలో, ఒకే చెట్టుపై కుడిచుట్టువియు ఎడమచుట్టువియు కలసి జీవించును. మలేషియాలోని కాపస్ ద్వీపమున పరిశీలించినపుడు, అవి తమవంటి చుట్టుగల వానితోకంటె ఎదురుచుట్టు వానితోనే ఎక్కువగా జతకూడుట కనిపించినది. కుడియెడమలు అచట ఆటంకముగా గాక ఆకర్షణగా నున్నవి. రెండు రూపములును ఒకే జాతిలో తరతరములుగా కలసి నిలుచుటకు ఇది కారణము.

ఇంతవరకు చూచినదానిని సంగ్రహింతము. నత్త చుట్టును తల్లి జన్యువు నిర్ణయించును. కావున గుల్లను చూచి నత్త జన్యువులను నిశ్చయముగా చెప్పజాలము. ఎదురుచుట్టు జతకూడుటకు అడ్డు తగులును గాని, బంధుత్వమును తెంపివేయదు. దేహమొక వైపు, జన్యువులొక వైపు గల నత్తలే రెండు గుంపుల నడుమ వారధులగును. పాము వంటి వేరొక కారణము తోడైననే ఆ గుంపులు వేరుపడుటకు వీలు కలుగును.

మనుష్యుని చేతివాటము నత్త చుట్టువంటిది కాదు. అది ఒకే జన్యువువలన కలుగునది కాదు; పలు జన్యువులకును, ఇతర కారణములకును దానియందు పాత్ర కలదు. కనుక ఎడమచేతివారిని కొట్టరాదని నేర్చుకొనుటకు నత్తను సాక్ష్యమునకు పిలువ నక్కరలేదు. ఆ బాలుని ఎడమచేతి వ్రాత నా వ్రాతకంటె చక్కగా నుండెను. అదియే చాలిన సాక్ష్యము. నేను దానిని చూచియు చూడలేదు. వాడు తెచ్చిన గుల్లలనును అట్లే చూడకయే "ఉండదు" అంటిని. వాడు ఆ పిమ్మట నన్ను మరి యే ప్రశ్నయు అడుగలేదు. ఉపాధ్యాయునికి ఇంతకంటె నష్టము లేదు.

బాలబాలికలారా! రాబోవు వానకారులో చెరువుగట్టుకు పోయినపుడు, నీటిలో దిగక, ఒడ్డున పడియున్న ఖాళీ గుల్లలను ఏరుడు. మొనను పైకి, నోటిని మీ వైపునకు పట్టి, కుడిచుట్టువి ఎన్నియో ఎడమచుట్టువి ఎన్నియో లెక్కించి వ్రాసికొనుడు. పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనుడు. నూరు గుల్లలు చూచినను అన్నియు కుడిచుట్టువే కావచ్చును. అయినను "ఉండదు" అని వ్రాయకుడు. "నేను చూచిన నూరింటిలో కనబడలేదు" అని వ్రాయుడు. ఆనాడు ఆ బాలునికి నేను చెప్పవలసియుండిన మాట అదియే.